ఆగిపోయిన దివ్యాంగుల పింఛను బకాయి రాబట్టుకోవడం ఎలా?

పింఛను మళ్ళీ మొదలవడం ఒక పని, ఆగిన నెలల డబ్బు చేతికి రావడం ఇంకో పని. చాలామంది మొదటిదాని కోసం అర్జీ పెట్టి, రెండోది దానంతటదే వస్తుందని ఎదురుచూస్తారు. అడగందే అమ్మైనా పెట్టదంటారు, గ్రామ, వార్డు సచివాలయం దగ్గర ఆ మాట ఇంకాస్త ఎక్కువ నిజం. అందుకే ఏ కాగితం రాసినా ఈ రెండు కోరికలూ విడివిడిగా కనబడాలి. విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల ఉన్నవాళ్ళు ఏ మెట్టు తర్వాత ఏ మెట్టు ఎక్కాలో చెబుతాను.

ముందు మీకు రావాల్సిందెంతో తేల్చుకోండి

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పింఛను పథకం ఎన్టీఆర్ భరోసా కింద 2024 జులై నుంచి దివ్యాంగులకు నెలకు 6,000 రూపాయలు. పక్షవాతంతో మంచాన పడ్డవాళ్ళకు, తీవ్రమైన కండరాల క్షీణత ఉన్నవాళ్ళకు, ప్రమాదంలో దెబ్బతిని చక్రాల కుర్చీకే పరిమితమైనవాళ్ళకు 15,000. మీ కేటగిరీ ఏదో చూసుకుని, దాన్ని ఆగిన నెలలతో గుణించండి.

ఇక్కడ రెండు అపోహలు తిరుగుతుంటాయి. 2024 జులై 1న కొందరికి ఒకేసారి 7,000 అందింది కదా, మాకూ ఆ మూడు నెలల తేడా రావాలి కదా అని అడుగుతారు. ఆ 7,000 వృద్ధులు, వితంతువుల వంటి 4,000 కేటగిరీలవాళ్ళది. వాళ్ళకు పెంపు ఏప్రిల్ నుంచి లెక్కేశారు. దివ్యాంగుల 6,000 జులై నుంచే. రెండోది, కేంద్రం డబ్బు వేరేగా రావాలన్న మాట. ఇందిరాగాంధీ జాతీయ దివ్యాంగుల పింఛను కింద కేంద్రం ఇచ్చేది 300 రూపాయలు. అది 80 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పేద కుటుంబాలవాళ్ళకే. ఆ 300 కూడా రాష్ట్రం ఇచ్చే మొత్తంలోనే కలిసి ఉంటుంది. ఈ రెండింటి కోసం అర్జీలు రాసి చెప్పులరగదీసుకోవద్దు.

కొత్తగా దరఖాస్తు చేసినవాళ్ళకు ఒక చేదు మాట కూడా చెప్పాలి. సదరం సర్టిఫికెట్ (వైకల్యం ఎంత శాతమో డాక్టర్లు తేల్చి ఇచ్చే ప్రభుత్వ పత్రం) వచ్చిన రోజు నుంచో, దరఖాస్తు ఇచ్చిన రోజు నుంచో లెక్కగట్టి ఇవ్వరు. మంజూరైన నెల నుంచే పింఛను.

ఎందుకు ఆగిందో కాగితం మీద తెలుసుకోండి

పింఛను నగదుగా చేతికిస్తారు కాబట్టి బ్యాంకు పాస్‌బుక్‌లో దాని జాడ ఉండదు. మీ దగ్గర రుజువేమీ లేదని మీరనుకుంటారు, కానీ రుజువు వాళ్ళ దగ్గరే ఉంటుంది. మీ పింఛను ఐడీ, ఆధార్ పట్టుకుని సచివాలయంలో వెల్ఫేర్ సెక్రటరీనో డిజిటల్ అసిస్టెంట్‌నో కలవండి. ఏ నెల 'ఇచ్చారు' అని ఉంది, ఏ నెల 'ఇవ్వలేదు' అని ఉంది, ఎందుకు ఆపారు అన్నది పోర్టల్‌లో చూపించమనండి. ప్రింటు ఇస్తే మంచిది, ఇవ్వకపోతే నెలలు రాసుకుని తేదీ వేసుకోండి. ఆ తర్వాత మీ కేసు ఏ దారిలో వెళ్ళాలో దాన్ని బట్టి తేలుతుంది.

ఊళ్ళో లేక ఒకటి రెండు నెలలు తీసుకోలేదనుకోండి. ఇది తేలికైన కేసు, అర్జీ కూడా అక్కర్లేదు. 2024 డిసెంబరు నుంచి అమల్లో ఉన్న పద్ధతి ప్రకారం ఒక నెల తప్పితే తర్వాతి నెల రెండూ కలిపి ఇస్తారు. రెండు నెలలు తప్పితే మూడో నెల మూడూ కలిపి. అంటే అక్టోబరు, నవంబరు ఆసుపత్రిలో ఉండిపోయినవాళ్ళకు డిసెంబరులో 18,000 రావాలి. ఉద్యోగి 6,000 పెట్టి వెళ్ళబోతే అక్కడే ఆపి అడగండి. మూడో నెల కూడా తప్పితే మాత్రం శాశ్వతంగా వలస వెళ్ళినట్టు రాసుకుని పింఛను నిలిపేస్తారు, మళ్ళీ దరఖాస్తు చేసుకోవాలి. వైద్యం కోసం హైదరాబాదో వెల్లూరో వెళ్ళినవాళ్ళు మూడో నెల ఒకటో తారీఖుకు ఎలాగైనా ఇంటికి చేరడం మంచిది. వేరే ఊరికి మకాం మార్చేస్తే పింఛనును అక్కడి సచివాలయానికి బదిలీ చేయించుకోవచ్చు.

వేలిముద్ర పడకపోవడం వల్ల డబ్బు వెనక్కి పోయిందంటే ఒప్పుకోకండి. కంటిపాపతోనో ముఖం చూపించో గుర్తింపు పూర్తి చేయొచ్చు. వేళ్ళు దెబ్బతిన్నవాళ్ళు ఆ సంగతి ముందే రాతపూర్వకంగా ఇచ్చి ఉంచితే నెలనెలా గొడవుండదు.

ఇక కష్టమైనది, మళ్ళీ పరీక్ష చేసి శాతం తగ్గించిన కేసు. 2025లో ప్రభుత్వం పాత పింఛనుదారులను మళ్ళీ వైద్య పరీక్షకు పిలిచింది. 40 శాతం కంటే తక్కువ తేలినవాళ్ళకు ఆగస్టులో నోటీసులొచ్చాయి. వాళ్ళలో 60 ఏళ్ళు దాటినవాళ్ళను వృద్ధాప్య పింఛనుకు మార్చారు. 15,000 నుంచి 6,000కు దిగినవాళ్ళూ ఉన్నారు. నోటీసు వస్తే నగరంలో మున్సిపల్ కమిషనరుకు, పల్లెల్లో ఎంపీడీవోకు అప్పీలు పెట్టాలి. నోటీసు నకలు, పాత, కొత్త సదరం సర్టిఫికెట్లు, చికిత్స కాగితాలు, ఎక్స్‌రేలు, ఆపరేషన్ డిశ్చార్జి సమ్మరీ జతచేయండి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 59వ సెక్షను సర్టిఫికెట్ ఇచ్చిన అధికారి నిర్ణయంపై అప్పీలు చేసే హక్కు ఇచ్చింది. ఆ సెక్షను నంబరు అర్జీలో రాస్తే చదివేవాళ్ళు కాస్త నిటారుగా కూర్చుంటారు. కొత్త సర్టిఫికెట్లో 'తాత్కాలికం' అని ఉందేమో, గడువు తేదీ ఉందేమో కూడా చూడండి. గడువు దాటాక మేలుకుంటే అది మన పొరపాటుగానే లెక్కేస్తారు.

ఇంకొకటి ఉంది, అది అసలు బకాయే కాదు. మీకు అందని నెలకు పోర్టల్‌లో 'ఇచ్చారు' అని ఉందంటే ఆ డబ్బు ఇంకెవరి చేతికో వెళ్ళింది. దాని మీద నేరుగా కలెక్టరుకు ఫిర్యాదు చేయాలి. ఆ నెల గుర్తింపు ఏ పద్ధతిలో, ఏ ఉద్యోగి లాగిన్‌లో జరిగిందో రికార్డు అడగాలి.

అర్జీ ఇలా రాయండి

'అయ్యా, మేము పేదవాళ్ళం, దయతో' అని పేజీ నింపడం మనకు అలవాటు. ఆ పేజీ ఎవరూ చదవరు. నంబర్లు, నెలలు, మొత్తం ఉంటే చాలు:

"గౌరవనీయులైన మున్సిపల్ కమిషనర్ గారికి. నా పేరు ……, …… వార్డు సచివాలయం పరిధి. పింఛను ఐడీ ……, సదరం ఐడీ ……, వైకల్యం …… శాతం. …… నెల వరకు పింఛను అందింది, …… నెల నుంచి ఆగింది. ఆపే ముందు నాకు నోటీసు రాలేదు (లేదా: …… తేదీన నోటీసు అందింది, …… తేదీన అప్పీలు పెట్టాను). నా కోరికలు: ఒకటి, పింఛను పునరుద్ధరించండి. రెండు, …… నుంచి …… వరకు …… నెలల బకాయి …… రూపాయలు మంజూరు చేయండి. కుదరదంటే ఏ ఉత్తర్వు ప్రకారం కుదరదో రాతపూర్వకంగా తెలపండి."

ఆ చివరి వాక్యం వదిలేయొద్దు. 'రాదమ్మా' అని నోటితో చెప్పినదాని మీద ఎక్కడా అప్పీలు చేయలేం. రెండు కాపీలు తీసుకెళ్ళి, ఒకదాని మీద తేదీతో ముద్ర వేయించుకోండి.

ఎక్కడ ఇవ్వాలి

సచివాలయంలో కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు వెళ్ళండి. అందరూ దీన్ని పీజీఆర్‌ఎస్ అంటారు. గుంటూరులో ఎస్.ఆర్.శంకరన్ సమావేశ మందిరం, విజయవాడలో పింగళి వెంకయ్య సమావేశ మందిరం. అర్జీ నంబరు అడిగి తీసుకోండి. తర్వాత 1100కు ఫోన్ చేసి ఆ నంబరుతో సంగతి కనుక్కోవచ్చు.

జిల్లా దగ్గర పొరబడితే రోజంతా వృథా. కానూరు, పోరంకి, పెనమలూరు చూడ్డానికి విజయవాడే, కానీ 2022 జిల్లాల విభజనలో అవి కృష్ణా జిల్లాలో ఉండిపోయాయి, అంటే కలెక్టరేట్ మచిలీపట్నం. గన్నవరమూ అంతే. కృష్ణా నది మీది వారధి దాటగానే వచ్చే తాడేపల్లి గుంటూరు జిల్లా. సత్తెనపల్లి, నరసరావుపేట వాళ్ళు ఇప్పుడు గుంటూరు రానక్కర్లేదు, పల్నాడు కలెక్టరేట్ నరసరావుపేటలోనే ఉంది.

కొన్నాళ్ళకు 'మీ సమస్య పరిష్కరించబడింది' అని మెసేజ్ వస్తుంది. పింఛను మాత్రమే మొదలుపెట్టి బకాయి వదిలేసి అలా ముగించేయడం మామూలే. ఆ మెసేజ్ చూపించి, రెండో కోరికకు జవాబు రాలేదని మళ్ళీ అర్జీ ఇవ్వండి.

అక్కడా తేలకపోతే

సమాచార హక్కు చట్టం కింద అడగండి. మన రాష్ట్రంలో మండల స్థాయి కార్యాలయానికి రుసుము 5 రూపాయలు, ఆపై కార్యాలయాలకు 10. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్ళకు రుసుము లేదు. పింఛను ఐడీ వేసి, నెలవారీ చెల్లింపు వివరాలు, ఆపమని ఇచ్చిన ఉత్తర్వు నకలు, మీ అర్జీ మీద తీసుకున్న చర్య, ఈ మూడే అడగండి. 'ఎందుకు ఇవ్వలేదు' అని ప్రశ్న వేస్తే తప్పించుకుంటారు, కాగితం అడిగితే ఇవ్వాల్సిందే. గడువు 30 రోజులు. జవాబు రాకపోతే ఆ తర్వాత 30 రోజుల్లో మొదటి అప్పీలు.

న్యాయసేవాధికార సంస్థను చాలామంది మరిచిపోతారు. 1987 చట్టం 12వ సెక్షను ప్రకారం దివ్యాంగులకు ఉచితంగా వకీలును ఇస్తారు. కోర్టు ఆవరణలో ఆ కార్యాలయం ఎక్కడని అడిగితే ఎవరైనా చూపిస్తారు. వకీలు నోటీసు వెళ్ళాక కదిలిన ఫైళ్ళు తక్కువేం కాదు. హైకోర్టులో రిట్ వేయాల్సివస్తే అది అమరావతిలోని నేలపాడులోనే ఉంది, మనకు దూరాభారం కాదు.

బకాయి తెప్పిస్తాం, సగం మాకివ్వండి అని తిరిగేవాళ్ళకు ఓటీపీ గానీ వేలిముద్ర గానీ ఇవ్వొద్దు. పైన చెప్పిన పనుల్లో వాళ్ళు చేయగలిగి మీరు చేయలేనిది ఒక్కటీ లేదు.

డబ్బు వచ్చిన రోజు వేలిముద్ర వేసే ముందు తెర మీద ఏ నెలలు, ఎంత మొత్తం చూపిస్తోందో చదివించుకోండి. నాలుగు నెలలు రావాల్సి రెండే కనబడితే ఆ రెండూ తీసుకోండి, మిగతా రెండింటికీ అదే రోజు పాత అర్జీ నంబరు వేసి కొత్త కాగితం ఇవ్వండి.