సరుకు వెళ్లింది, డబ్బు రాలేదు: ఏం చేయాలి?

చెన్నై అంబత్తూరు పారిశ్రామికవాడలో నాకు రెండు లేత్ మిషన్లు ఉన్నాయి. పెద్ద కంపెనీలకు బుష్‌లు, పిన్నులు చేసిస్తాం. ఇక్కడికి వచ్చాక నాకు బాగా వంటబట్టిన తమిళ మాట ‘అడుత్త వారం’, అంటే వచ్చే వారం. బిల్లు సంగతి ఎప్పుడడిగినా అదే జవాబు. మా పనివాళ్లకు మాత్రం శనివారం సాయంత్రానికి కూలి అందాలి. చిన్న పరిశ్రమలు దేశానికి వెన్నెముక అని సభల్లో చెబుతుంటారు. నా లెక్కల పుస్తకం చూస్తే, మేము పెద్దవాళ్లకు వడ్డీ లేని అప్పులిచ్చే షావుకార్లం!

వసూలు పని సరుకు పంపకముందే మొదలుపెట్టాలి. ముందుగా చిన్న పరిశ్రమల నమోదు కోసం ప్రభుత్వం నడిపే ఉద్యమ్ పోర్టల్‌లో నమోదు చేసుకోండి. రుసుము ఏమీ లేదు. డబ్బడిగే దళారుల దగ్గరికి వెళ్లకండి. ఆ నంబరు ప్రతి బిల్లు మీదా ఉండాలి. సరుకు కొని అమ్మే వ్యాపారులకు మాత్రం నేను చెప్పబోయే చెల్లింపు గడువు రక్షణ లేదు.

అన్నిటికన్నా ముఖ్యం చలాను, అంటే సరుకు అందిందని కొన్నవాళ్లు సంతకం పెట్టే కాగితం. ఒకసారి వాన పడుతోందని మా కుర్రాడు మూడు పెట్టెల బుష్‌లు ఒక కంపెనీ గేటు దగ్గర దింపి, సంతకం లేకుండా వచ్చేశాడు. నాలుగు నెలల తర్వాత ‘సరుకు ఎప్పుడు వచ్చింది?’ అని నన్నే అడిగారు. 2006 నాటి చిన్న పరిశ్రమల (ఎంఎస్ఎంఈ) చట్టం ప్రకారం, సరుకు అందిన 15 రోజుల్లోపు కొన్నవాళ్లు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే, అందిన రోజే దాన్ని అంగీకరించినట్టు. ఆ రోజేదో చూపలేకపోతే గడువు ఎక్కడి నుంచి లెక్కపెడతాం? తేదీతో ముద్ర పడేదాకా బండి కదలనివ్వకండి.

రాతపూర్వక ఒప్పందం లేకపోతే డబ్బు చెల్లించడానికి గడువు 15 రోజులు. ఉంటే అందులో రాసుకున్నన్ని రోజులు, అయితే 45 దాటకూడదు. పర్చేజ్ ఆర్డర్‌లో 90 అని అచ్చేసినా అది చెల్లదు. గడువు మీరితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడు రెట్ల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ.

వడ్డీ అడిగితే ఆర్డర్లు పోతాయన్న భయం నాకూ ఉంది. అందుకే ఫిబ్రవరిలో అకౌంట్స్ విభాగానికి మర్యాదగా ఒక లేఖ రాస్తాను. గడువు దాటిన బాకీని చెల్లించిన ఏడాదిలోనే ఖర్చుగా చూపుకోవాలని 2024 ఏప్రిల్ నుంచి ఆదాయపు పన్ను నిబంధన ఉంది. అంటే మార్చి 31 లోపు కట్టకపోతే ఆ ఏడాది ఖర్చులో అది చూపుకోలేరు, పన్ను పెరుగుతుంది. ఆ తేదీ దగ్గరపడుతుంటే ఆ లేఖను వాళ్ల ఆడిటరే చదువుతాడు.

అప్పటికీ కదలకపోతే ఇలాంటి బాకీల తగాదాలు తీర్చే రాష్ట్ర ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. నేను ఒక్కసారే చేశాను. డబ్బు వచ్చింది, ఆ కంపెనీ ఆర్డర్ మళ్లీ రాలేదు.