పంప్ యాక్షన్ షాట్‌గన్‌ను విప్పి శుభ్రం చేయడం ఎలా?

సామాన్లు ఎక్కువేమీ అక్కర్లేదు. మీ బోరు (గొట్టం లోపలి) సైజుకు సరిపోయే రాడ్డు, కంచు బ్రష్, మసి కరిగించే సాల్వెంట్, గన్ ఆయిల్, పాత కాటన్ గుడ్డ ముక్కలు, పిన్నులు తట్టడానికి పంచ్, ఒక టూత్‌బ్రష్. కళ్ళద్దాలు పెట్టుకోండి, గాలి ఆడే చోట కూర్చోండి. తూటాలు మాత్రం ఆ గదిలోనే ఉండకూడదు. బల్ల మీద ఒక పక్కకు జరిపితే చాలదు. వేరే గదిలో పెట్టి తలుపు వేసి రండి.

ముందు ఖాళీ చేయాలి

అసలు కష్టం ఇక్కడే ఉంది. విప్పడం ఎవరైనా ఒక పూటలో నేర్చుకుంటారు. ఖాళీగా ఉందో లేదో చూడటం మాత్రం చాలామందికి రాదు, వచ్చనుకుంటారు. పంపు (గొట్టం కింద ముందుకూ వెనక్కూ జరిగే పిడి) ఒకసారి వెనక్కి లాగి, చాంబర్‌లో, అంటే తూటా పేలే గదిలో, ఏమీ కనిపించకపోతే "ఖాళీయే" అనేస్తారు. ఈ తుపాకీలో తూటా ఉండే చోట్లు మూడు: చాంబర్, బ్యారెల్ (గొట్టం) కింద ఉండే మ్యాగజైన్ ట్యూబ్, తూటాను పైకి లేపే లిఫ్టర్. పంపు పూర్తిగా వెనక్కి లాగగానే ట్యూబ్‌లోని తూటా జారి లిఫ్టర్ మీదికి వస్తుంది. చాంబర్ చూస్తే ఖాళీగానే ఉంటుంది. పంపు ముందుకు తోస్తే ఆ తూటా నేరుగా చాంబర్‌లోకి వెళ్తుంది. ఖాళీ చేశామనుకున్న చేతులే తుపాకీని నింపిపెడతాయి.

ఒకసారి స్నేహితుడు "చూశాను, ఖాళీయే" అని ఇచ్చిన తుపాకీని అలవాటుగా తలకిందులు చేసి, కింది నుంచి వేలు పెట్టాను. చల్లగా ఇత్తడి అంచు తగిలింది. అతను అబద్ధం చెప్పలేదు. నిజంగానే చూశాడు, కానీ చాంబర్ ఒక్కటే చూశాడు.

కాబట్టి ఇలా చేయండి. తుపాకీ మూతి మనుషులు లేని వైపు ఉండాలి, వేలు ట్రిగ్గర్‌కు దూరంగా ఉండాలి, సేఫ్టీ వేసి ఉండాలి. సేఫ్టీ ఉంది కదా అని ధీమా వద్దు, చాలా మోడళ్ళలో అది ట్రిగ్గర్‌ను మాత్రమే ఆపుతుంది. ట్యూబ్‌లోని తూటాలను పంపు ఆడిస్తూ చాంబర్ గుండా బయటికి తీయకండి. లిఫ్టర్ అడ్డుంటే దాన్ని కింది నుంచి లోపలికి నొక్కి, ట్యూబ్ నోటి దగ్గర తూటాను ఆపే రేకును నొక్కితే ఒక్కొక్కటే చేతిలోకి జారుతుంది. తర్వాత రిలీజ్ మీట నొక్కి పంపు మెల్లగా వెనక్కి లాగి చాంబర్ ఖాళీ చేయండి.

ఇప్పుడు వేలితో చూడాలి. ఒక చేత్తో పంపును వెనకే గట్టిగా పట్టుకోండి, లేకపోతే బోల్ట్ (చాంబర్‌ను వెనక నుంచి మూసే దిమ్మ) ముందుకొచ్చి వేలు నలుగుతుంది. చిటికెన వేలు చాంబర్‌లో పెట్టండి. లిఫ్టర్ తడమండి. ట్యూబ్ నోట్లో స్ప్రింగు తోసే ఫాలోవర్ తగలాలి. అది తగిలేదాకా తుపాకీ నిండుగా ఉన్నట్టే. మధ్యలో ఫోన్ మోగి లేచి వెళ్తే, తిరిగొచ్చాక మళ్ళీ మొదటి నుంచి.

విప్పడం

పంపు సగం వెనక్కి పెట్టి, రెమింగ్టన్ 870 లాంటి వాటిలో ట్యూబ్ చివరి మూత, మాస్‌బర్గ్ 500లో బ్యారెల్ స్క్రూ విప్పితే బ్యారెల్ ముందుకు వచ్చేస్తుంది. ట్రిగ్గర్ భాగం 870లో రెండు పిన్నుల మీద, 500లో ఒక పిన్ను మీద ఉంటుంది. సుత్తి (ట్రిగ్గర్ నొక్కితే ముందుకు కొట్టే భాగం) వెనక్కి ఎక్కి ఉన్నప్పుడే ఈ ట్రిగ్గర్ భాగాన్ని తీయాలి. బయటికి తీశాక ట్రిగ్గర్ నొక్కి చూడకూడదు. నన్నడిగితే దాన్ని ఏడాదికి ఒక్కసారి తప్ప కదపకూడదు. 870లో పంపు, బోల్ట్ రావాలంటే లోపల ఎడమ రేకు నొక్కి ముందుకు లాగాలి. మీ మోడల్ మాన్యువల్ పక్కన పెట్టుకోండి.

తుడవడం

రాడ్డు చాంబర్ వైపు నుంచే వెళ్ళాలి. సాల్వెంట్ పూసి పది నిమిషాలు వదిలి, కంచు బ్రష్‌తో రుద్ది, గుడ్డ తెల్లగా వచ్చేదాకా లాగండి. చాంబర్ దగ్గర ప్లాస్టిక్ మరక మొండిగా ఉంటుంది, అక్కడ రెట్టింపు రుద్దండి. తాడుతో ఒక్క లాగుడుతో శుభ్రమైపోతుందనే పద్ధతి నాకు నచ్చదు. తాడుకున్న మురికే మళ్ళీ లోపలికి వెళ్తుంది. నూనె రెండు చుక్కలు చాలు. తడిసిపోయేలా పోస్తే దుమ్మంతా పట్టి జిగురవుతుంది.

బిగించే ముందు బ్యారెల్‌లో నుంచి వెలుతురు చూడండి. గుడ్డ ముక్క మిగిలినా ప్రమాదమే. 20 గేజ్ తూటా (12 గేజ్ కంటే సన్నది) పొరపాటున 12 గేజ్ బ్యారెల్‌లో పడితే చాంబర్ దాటి ఇరుక్కుంటుంది. వెనక 12 గేజ్ పెట్టి కాలిస్తే గొట్టమే పగులుతుంది. 20 గేజ్ తూటాలకు పసుపు రంగు వేసేది అందుకే.

బిగించాక పంపు నాలుగుసార్లు ఆడించి, సేఫ్టీ వేసినప్పుడు ట్రిగ్గర్ కదలట్లేదని చూసుకోండి. మొదటి రాత్రి తాళం వేసిన బీరువాలో మూతి కిందికి పెట్టండి. లేకపోతే మిగిలిన నూనె దిగి వెనక భుజానికి ఆనే చెక్క భాగాన్ని మెత్తబరుస్తుంది.