బుల్లి ఇంజను గేజ్ గ్లాసు కారడం ఇలా ఆగింది

మాది పర్లాకిమిడి. 1900లో నౌపడా నుంచి ఇక్కడికి మొదలైన రెండున్నర అడుగుల గేజి (పట్టాల మధ్య దూరం) రైలు గురించి తాతయ్య చెప్పగా విని పెరిగాను. అందుకే నిజంగా ఆవిరితో నడిచే బుల్లి ఇంజను కొనుక్కున్నాను.

మంట పెట్టిన పది నిమిషాలకే బాయిలర్లో నీటిమట్టం చూపే గాజు గొట్టం, అంటే గేజ్ గ్లాసు, కింది నట్టు దగ్గర చుక్క, వెనకే సన్నగా ఆవిరి. చల్లారాక నట్టు ఇంకాస్త బిగించాను. టిక్‌మని గొట్టం చిట్లింది. ప్రాణం ఉసూరుమంది.

అన్నీ విప్పి భూతద్దంలో చూశాను. గొట్టం అంచు రంపపు పళ్లలా ఉంది, దానికి గొట్టం చుట్టూ కారకుండా ఆపే ఓ-రింగు కోసుకుపోయింది. అసలు తప్పు మాత్రం వేరే. గొట్టమంత లావున్న ఇత్తడి కడ్డీని, గొట్టం చివర్లను పట్టి ఉంచే రెండు ఫిట్టింగుల్లో పైదానిలోంచి దించితే కింది దాని అంచుకు తగిలి ఆగిపోయింది. పైది వెంట్రుకవాసి పక్కకు తిరిగి ఉంది! కడ్డీ జారుగా దిగేదాకా సరిచేశాను.

కొత్త గొట్టాన్ని ఆకురాయితో గీత గీసి, గుడ్డలో చుట్టి విరిచి, అంచుల్ని తడి ఎమిరీ కాగితం మీద నున్నగా రుద్దాను. వేడికి సాగేందుకు పైన కొంచెం ఖాళీ వదిలాను. ఆవిరి వచ్చే పై రంధ్రాన్ని గొట్టం మూసేస్తే మట్టం తప్పు చూపిస్తుంది, అది కారడం కంటే ప్రమాదం. సిలికాన్ రింగుల్ని నీళ్లతో తడిపి నట్లు చేత్తోనే బిగించాను, పానా ముట్టలేదు.

బాయిలర్లో చల్లటి నీళ్లు నిండా పోసి చేతిపంపుతో ఒత్తిడి పెట్టి అరగంట కనిపెట్టుకుని కూర్చున్నాను. నట్టు పొడిగానే ఉంది. అప్పుడే మంట వెలిగించాను.