స్టార్ట్ అవ్వని బండి: పెట్రోల్ అయితే ప్లగ్, డీజిల్ అయితే వేడి

ఆటోనగర్‌కి బండి తోసుకెళ్లే ముందు ఒక్క విషయం తేల్చుకోండి: మీ ఇంజిన్‌లో మంట ఎలా పుడుతోంది?

పెట్రోల్ ఇంజిన్‌లో గాలి, పెట్రోల్ కలిసి సిలిండర్‌లో నలిగాక స్పార్క్ ప్లగ్ అంటిస్తుంది. బ్యాటరీ 12 వోల్టులను ఇగ్నిషన్ కాయిల్ వేల వోల్టులకు పెంచితేనే ప్లగ్ చివరి సన్న సందులో నిప్పురవ్వ దూకుతుంది. డీజిల్ ఇంజిన్‌కి ఈ ప్లగ్ ఉండదు. పిస్టన్ ఒట్టి గాలిని పదిహేనో వంతుకో ఇరవయ్యో వంతుకో నొక్కేస్తుంది. సైకిల్‌కి గాలి కొడితే పంపు వేడెక్కినట్టే ఆ గాలి వేడెక్కి 500 డిగ్రీలు దాటుతుంది. అందులోకి ఇంజెక్టర్ చిమ్మిన డీజిల్ దానంతటదే అంటుకుంటుంది.

పెట్రోల్ బండి: సెల్ఫ్ తిరుగుతోంది, అందుకోవడం లేదు

ట్యాంకులో పెట్రోల్ ఉంటే, అనుమానం ముందు కరెంటు మీదే. ప్లగ్ విప్పి, క్యాప్‌లో పెట్టి, రబ్బరు పిడి ఉన్న పటకారుతో పట్టుకోండి. ప్లగ్ లోహపు భాగం ఇంజిన్‌కి ఆనాలి, ప్లగ్ రంధ్రానికి మాత్రం దూరంగా ఉండాలి. అందులోంచి పెట్రోల్ ఆవిరి వస్తుంది. నీడలో ఒక కిక్ కొట్టి చూడండి. నీలంగా, చిటపటమంటూ రవ్వ వస్తే కరెంటు బాగున్నట్టే. ఎర్రగా, నీరసంగా ఉన్నా, అసలు రాకపోయినా ముందు కొత్త ప్లగ్ వేయండి, ఖర్చు తక్కువ. అప్పటికీ రాకపోతే ప్లగ్ క్యాప్, వైరు, కాయిల్ వరసగా చూడాలి.

ప్లగ్ రంగు చాలా చెబుతుంది. లేత గోధుమ రంగులో ఉంటే ఇంజిన్ ఆరోగ్యంగా ఉంది. పొడి నల్ల మసి ఉంటే పెట్రోల్ ఎక్కువ, గాలి తక్కువ. ఎయిర్ ఫిల్టర్ చూడండి. నూనె జిడ్డుతో నల్లగా ఉంటే ఇంజిన్ ఆయిల్ పైకి వస్తోంది. పిస్టన్ రింగులో, వాల్వు సీళ్లో అరిగాయి. అప్పుడు ఎన్ని ప్లగ్గులు మార్చినా ప్రయోజనం లేదు.

వానలో మిస్సింగ్ కొడితే ప్లగ్ క్యాప్‌లో తడి చేరి ఉంటుంది. తీసి పొడిగుడ్డతో తుడిస్తే చాలాసార్లు సరిపోతుంది.

డీజిల్ బండి: పొద్దున్నే మొరాయిస్తోంది

ఇక్కడ సైలెన్సర్ వైపు చూడండి. సెల్ఫ్ కొడుతుంటే తెల్లపొగ వస్తోందంటే డీజిల్ లోపలికి వెళ్తోంది, కానీ మండడానికి వేడి చాలడం లేదు. డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో ఇది ఎక్కువ. బ్యాటరీ నీరసించి ఇంజిన్ మెల్లగా తిరిగినా గాలి వేడెక్కదు. ముందు బ్యాటరీ, తర్వాత హీటర్ ప్లగ్గులు చూపించండి. ఇవి స్పార్క్ ప్లగ్గులు కావు, చల్లని ఇంజిన్‌కి మొదట కాస్త వేడి అందించేవి. రెండూ బాగుంటే కంప్రెషన్, అంటే సిలిండర్‌లో గాలి సరిగా నలుగుతోందా అన్నది చెక్ చేయించాలి.

పొగే రాకపోతే డీజిల్ అందడం లేదు. ట్యాంకు పూర్తిగా ఖాళీ అయ్యాక నింపిన బళ్లలో లైన్‌లోకి గాలి చేరుతుంది. ఫిల్టర్ మీద గాలి తీసే స్క్రూ వదులు చేసి, చేతి పంపు నొక్కుతూ ఉంటే మొదట బుడగలతో నురగలా వస్తుంది. బుడగలు పోయి డీజిల్ ధారగా వచ్చాక స్క్రూ బిగించండి. కామన్ రెయిల్ ఇంజిన్‌లో, అంటే ఒకే పైపులో విపరీతమైన ఒత్తిడితో నిలవున్న డీజిల్ అన్ని ఇంజెక్టర్లకూ వెళ్లే రకంలో, ఇంజెక్టర్ల వైపు పైపుల జోలికి మాత్రం వెళ్లొద్దు. అక్కడి ఒత్తిడికి డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి దూరుతుంది.

బంకులో ఇంధనం తారుమారైంది

డీజిల్ కారులో పెట్రోల్ పడితే తాళం కూడా తిప్పొద్దు. డీజిల్ జిడ్డుతో నడిచే పంపు, ఇంజెక్టర్లు పెట్రోల్‌తో అరిగిపోతాయి. అక్కడే ఆపి ట్యాంకు ఖాళీ చేయించండి.

బండి నీళ్లలో మునిగింది

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్‌నగర్ వైపు ఎందరి బళ్లో మునిగాయి. అలాంటప్పుడు పెట్రోలైనా డీజిలైనా సెల్ఫ్ కొట్టొద్దు. గాలి నలుగుతుంది, నీళ్లు నలగవు. సిలిండర్‌లో నీళ్లుంటే పిస్టన్‌కి ఆనుకుని ఉండే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ఎయిర్ ఫిల్టర్ తడిసిందంటే మెకానిక్‌తో పెట్రోల్ బండికి ప్లగ్గులు, డీజిల్ బండికి ఇంజెక్టర్లు లేదా హీటర్ ప్లగ్గులు తీయించి, ఇంజిన్‌ని చేత్తో తిప్పించి నీళ్లు బయటికి తీయించండి. ఇంజిన్ ఆయిల్ తెల్లబారి ఉంటే ఫిల్టర్‌తో సహా మార్పించి, ఆ తర్వాతే స్టార్ట్ చేయనివ్వండి.