కెనడా పీఆర్ పోకుండా రోజులు లెక్కపెట్టుకోవడం ఎలా?

బరంపురంలో మా చుట్టుపక్కల పిల్లల స్పాన్సర్‌షిప్ మీద కెనడా పీఆర్ (శాశ్వత నివాస హోదా) తెచ్చుకున్న తల్లిదండ్రులు కొందరున్నారు. ఎవరో ఒకరు పాస్‌పోర్టు పట్టుకుని మా ఇంటికి వస్తూనే ఉంటారు, "మాస్టారూ, పీఆర్ కార్డుకి ఇంకా రెండేళ్ళు గడువుంది, ఇబ్బంది లేదు కదా?" అని. ఉంది. కార్డు గడువు తీరినంత మాత్రాన హోదా పోదు, అలాగే కార్డుకి గడువున్నా కెనడాలో ఉండాల్సిన రోజులు తక్కువైతే హోదాకి ప్రమాదమే.

ముందు పాత, కొత్త పాస్‌పోర్టులు, బోర్డింగ్ పాసులు, ఒక రూళ్ళ నోటుబుక్కు, పెన్సిలు దగ్గర పెట్టుకోండి. ఎక్సెల్ వద్దు. ఫోన్ యాప్ అసలే వద్దు, ఫోన్ మారిస్తే లెక్క గోవిందా. ప్రతి ప్రయాణానికీ కెనడాలో దిగిన తేదీ, బయల్దేరిన తేదీ రాయండి. దిగిన రోజు, బయల్దేరిన రోజు రెండూ కెనడా రోజులే.

ఇప్పుడు లెక్క. అందరూ తప్పేది ఇక్కడే, నిదానంగా చదవండి. ఐదేళ్ళలో 730 రోజులు అక్కడ ఉండాలి. ఆ ఐదేళ్ళు కార్డు మీది ఐదేళ్ళు కావు. కెనడా ఇమ్మిగ్రేషన్ అధికారి మిమ్మల్ని ఏ రోజు అడిగితే ఆ రోజు నుంచి వెనక్కి ఐదేళ్ళు.

ఒకాయన 2020 జనవరి 1న పీఆర్‌గా దిగి, 2021 డిసెంబరు 31 దాకా కదలకుండా ఉన్నాడనుకోండి. 731 రోజులు. పని అయిపోయిందని ఊరొచ్చేశాడు. ఠాకురాణి జాతర చూసి వెళ్తా, సంక్రాంతి కానిచ్చి వెళ్తా అంటూ 2025 మార్చి 1న మళ్ళీ కెనడాలో విమానం దిగాడు. ఆ రోజు లెక్క మొదలయ్యేది 2020 మార్చి 1 నుంచి. మొదటి రెండు నెలల 60 రోజులూ జారిపోయాయి, మిగిలింది 671. అంటే 59 తక్కువ! అందుకే టికెట్టు కొనేముందు, విమానం దిగే తేదీ పెట్టుకుని మళ్ళీ లెక్కపెట్టాలి. పీఆర్ వచ్చి ఐదేళ్ళు నిండనివాళ్ళకి మాత్రం, మిగిలిన కాలంలో 730 పూర్తి చేయగలరా అని చూస్తారు.

సగటున ఏడాదికి 146 రోజులు చాలు. నా లెక్కలో మాత్రం 180 ఉండాల్సిందే. మే నెలలో వెళ్ళి చలి ముదిరేలోగా వచ్చేస్తే సరిపోతుంది, మంచు తవ్వే బాధ ఉండదు.

కొడుకు కెనడా పౌరుడు కాబట్టి వాడు సెలవుకొచ్చి మనతో బరంపురంలో ఉన్న మూడు నెలలూ కలుస్తాయనుకునేవాళ్ళున్నారు. కలవవు. పౌరులైన భర్తతోనో భార్యతోనో బయట ఉంటే కలుస్తాయి, కొడుకుతో ఉంటే కాదు. పీఆర్‌కి ముందు విజిటర్ వీసా మీద ఉన్న రోజులూ ఇందులోకి రావు.

రోజులు తగ్గాయా, ఏజెంటు మాట విని దరఖాస్తులో తేదీలు మార్చి రాయొద్దు. రాకపోకల వివరాలు అక్కడి సరిహద్దు శాఖ దగ్గర ఉంటాయి. ఆసుపత్రి కాగితాల్లాంటివి పెట్టి, ఎందుకు ఆగిపోయారో ఉన్నదున్నట్టు రాయండి, మానవతా కారణాలు చూసే వీలు చట్టంలోనే ఉంది. కార్డు గడువు ఇక్కడుండగానే తీరిపోతే విమానం ఎక్కడానికి పీఆర్ ట్రావెల్ డాక్యుమెంట్ కావాలి. అది నిరాకరిస్తే అప్పీలుకి 60 రోజులే గడువు, కాబట్టి ఆ ఉత్తరం వచ్చిన తేదీ కూడా నోటుబుక్కులో రాసిపెట్టండి.