వేల్స్ పల్లెలో పాత చాపెల్ కొని ఇల్లు చేసుకోవాలంటే

బ్రిటన్‌లోని వేల్స్ పల్లెల్లో మెథడిస్టులో, బాప్టిస్టులో, ఇండిపెండెంట్లో, ఏదో ఒక క్రైస్తవ శాఖవాళ్లు రాతితో కట్టుకున్న చాపెల్ (ప్రార్థనా మందిరం) కనిపించని ఊరు అరుదు. సంఘాలు చిక్కిపోయి చాలావాటికి తాళాలు పడ్డాయి, అవి అమ్మకానికి వస్తున్నాయి. లోపల అడుగు పెట్టగానే ఎత్తైన కిటికీలు, మూడు వైపులా గ్యాలరీ, నునుపుదేరిన చెక్క బల్లలు మనసు లాగేస్తాయి. కానీ ఈ బేరాలు ఎక్కువగా చెడేది బయట ఉన్న నేల దగ్గరే. అందుకే మొదటిసారి వెళ్లినప్పుడు టేపు పట్టుకుని గోడల చుట్టూ తిరగండి, హాలు తర్వాత చూడొచ్చు.

అన్నిటికన్నా ముందు మురుగునీటి సంగతి తేల్చుకోండి. రోడ్డులో పబ్లిక్ సీవర్, అంటే ఊరుమ్మడి మురుగు పైపు, ఉంటే సగం తలనొప్పి తప్పినట్టే. లేకపోతే సొంత ట్రీట్‌మెంట్ ప్లాంటు కావాలి, శుద్ధి అయిన నీరు ఇంకడానికి స్థలమూ కావాలి. ట్యాంకు నివాసానికి కనీసం 7 మీటర్లు, ఇంకుడు పైపులు ఏ కట్టడానికైనా 15 మీటర్లు, వాగుకు 10 మీటర్లు దూరంగా ఉండాలి. గోడ దాటితే రెండు మీటర్ల నేల కూడా లేని చాపెల్‌లు ఎన్నో.

స్థలం ఉన్నా మట్టి నీరు పీల్చాలి. అమ్మేవారి అనుమతితో పైపు వేసే లోతు వరకు తవ్వి, దాని అడుగున 300 మి.మీ. పొడవు, వెడల్పు, లోతు ఉన్న గుంట తీయండి. నిండా నీళ్లు పోసి రాత్రంతా ఇంకనివ్వండి. మర్నాడు మళ్లీ నింపి, నీటిమట్టం ముప్పాతిక నుంచి పావుకు, అంటే 150 మి.మీ., దిగడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూసి 150తో భాగించండి. కనీసం రెండు గుంటల్లో మూడేసిసార్లు చేసి సగటు తీయండి. అది 12కూ 100కూ మధ్య ఉండాలి. ఆ అంకెను ఇంట్లో ఉండే మనుషుల సంఖ్యతో, మళ్లీ 0.2తో గుణిస్తే కావలసిన చదరపు మీటర్లు వస్తాయి. ఐదుగురికి, సగటు 30 అయితే, 30 చదరపు మీటర్లు. కుండపోత వానలోనో మంచు గడ్డకట్టినప్పుడో చేసిన పరీక్షకు విలువ లేదు. స్థలం చాలకపోతే పక్క రైతు పొలంలో కొంత నేల ముందే ఒప్పుకోవాలి. కొన్నాక అడిగితే ఆ రైతు చెప్పిందే ధర.

తవ్వేముందు సమాధులు ఎక్కడున్నాయో తెలుసుకోండి. రాయి కనిపించనంత మాత్రాన కింద ఎవరూ లేరని కాదు, సంఘం దగ్గర ఖనన రిజిస్టర్ ఉందేమో అడగండి. వాడుకలో లేని శ్మశానం మీద కట్టడాన్ని 1884 నాటి చట్టం నిషేధిస్తుంది, 1981 సవరణలో ఇచ్చిన మినహాయింపులు పరిమితం. అస్థికలు కదిలించాలంటే లైసెన్సు తప్పనిసరి. బంధువులు పువ్వులు పెట్టడానికి వచ్చే హక్కును దస్తావేజులో ఉంచే అమ్మకాలూ ఉన్నాయి. అది వాళ్లకు దక్కవలసిన మర్యాద, దారి ఎటువైపో ముందే గీయించుకోండి.

చాపెల్ సాధారణంగా ట్రస్టీల పేరున ఉంటుంది, పాత కాగితాలు చిందరవందరగా ఉంటాయి. మద్యం అమ్మకూడదు, వేరే శాఖ ఆరాధన జరపకూడదు వంటి షరతులు, తర్వాత విలువ పెరిగితే వాటా ఇవ్వాలనే నిబంధన ఉన్నాయేమో లాయరుతో చదివించండి. వేలంలో సుత్తి పడగానే 10 శాతం కట్టాలి, మిగతాది సాధారణంగా 28 రోజుల్లో. వంటగది, బాత్రూం లేని కట్టడానికి మామూలు మార్ట్‌గేజ్ (ఇంటి రుణం) రాదు, దశలవారీగా ఇచ్చే సెల్ఫ్‌బిల్డ్ రుణం చూసుకోవాలి. ప్లానింగ్ అనుమతి, అంటే కట్టడాన్ని ఇల్లుగా మార్చడానికి స్థానిక అధికారుల అనుమతి, వస్తేనే కొంటామనే షరతుతో ఒప్పందం కుదిరితే అంతకన్నా మంచిది లేదు. ఊరట ఏమిటంటే, నివాసం కాని కట్టడం కాబట్టి వేల్స్‌లో 2,25,000 పౌండ్ల వరకు భూ లావాదేవీ పన్ను సున్నా.

ప్లానింగ్ నియమాలు కట్టడాలను వాడుకను బట్టి తరగతులుగా విడదీస్తాయి: ప్రార్థనా మందిరం డి1 తరగతి, ఇల్లు సి3. మార్పుకు పూర్తి ప్లానింగ్ దరఖాస్తు పెట్టాలి. లిస్టెడ్ కట్టడమా, అంటే చారిత్రక విలువ వల్ల చట్టరక్షణ ఉన్నదా అన్నది, వేల్స్ చారిత్రక కట్టడాల జాబితా ఉండే కోవ్ కమ్రీ (Cof Cymru) వెబ్‌సైటులో వెతకండి. లిస్టెడ్ అయితే లోపలి బల్లలు, ప్రసంగ వేదిక కూడా అనుమతి లేకుండా కదపరాదు, కదిపితే నేరం. పైకప్పులో గబ్బిలాలు ఉండే అవకాశముంటే అవి బయటికొచ్చే వేళ చేసే సర్వే మే నుంచి సెప్టెంబరు మధ్యే జరగాలి. అక్టోబరులో కొన్నవారికి ఒక చలికాలం ఖర్చయిపోతుంది.

పని విషయానికొస్తే, పక్కనే వెస్ట్రీ (చాపెల్‌కు ఆనుకుని ఉండే చిన్న గది) ఉంటే వంట, స్నానాల గదులు అక్కడ పెట్టి పెద్ద హాలును ముక్కలు చేయకుండా వదలండి. హాలు మధ్యలో అంతస్తు వేయక తప్పకపోతే దాన్ని కిటికీ అద్దానికి ఎడంగా ఆపండి. 2016 జనవరి 1 నుంచి వేల్స్‌లో ఇల్లుగా మార్చే కట్టడాలకూ స్ప్రింక్లర్లు, అంటే మంటలంటుకుంటే పైనుంచి నీళ్లు చల్లే ఏర్పాటు, తప్పనిసరి. పాత సన్నటి నీటి పైపు వాటికి చాలదు, అప్పుడు ట్యాంకు, పంపు ఖర్చు కలుపుకోవాలి.

రాతి గోడలకు సిమెంటు తగలనివ్వకండి. అరమీటరు మించి మందమున్న ఆ గోడ సున్నం కీళ్ల గుండానే తడి వదులుతుంది. మన పాత మండువా ఇళ్లకు గానుగ సున్నం చేసిన పని ఇదే. సిమెంటు పూస్తే తడి లోపలే నిలిచి, గోడలో దిగిన దూలాల కొసలు కుళ్లుతాయి. చెక్కలో తేమ 20 శాతం దాటితే బూజు పట్టడానికి దారి తెరిచినట్టే. పాత సిమెంటు పూత చెక్కించి, బయటి నేలమట్టం లోపలి నేలకన్నా దించి, ఒక వేసవి ఆరనిచ్చాకే సున్నపు పూత మొదలుపెట్టండి.

కాంట్రాక్టరు మార్పిడి పనికి వ్యాట్ 5 శాతమే వేయాలి. పొరపాటున 20 వేస్తే అదనపు సొమ్ము పన్ను శాఖ తిరిగివ్వదు, కాంట్రాక్టరే బిల్లు సరిచేయాలి. కాబట్టి మొదటి బిల్లుకు ముందే రాతలో ఖాయం చేసుకోండి. ఆ 5 శాతాన్నీ, మీరు నేరుగా కొన్న సామాన్ల మీది 20 శాతాన్నీ పని పూర్తయిన 6 నెలల్లోపు పన్ను శాఖను ఒకేసారి తిరిగి అడగొచ్చు. ఆర్కిటెక్టు, సర్వేయర్ల ఫీజుల మీది వ్యాట్ మాత్రం రాదు. రసీదులన్నీ మొదటి రోజు నుంచే ఒక ఫైలులో పెట్టండి.