ఫెస్‌లో అరబిక్ – 3వ పాఠం: ధర వినడం, లెక్క కట్టడం

మొరాకోలోని ఫెస్‌లో తరగతి గదిలో చెప్పేది ఫుస్‌హా, అంటే పుస్తకాల అరబిక్. బాబ్ బూజ్లూద్ ద్వారం దాటి మదీనాలో, అంటే పాత నగరంలో అడుగు పెడితే చెవిన పడేది దారిజా, అంటే మొరాకో వాడుక అరబిక్. ఈ రెంటి తేడా అన్నిటికన్నా ముందు అంకెల దగ్గరే తగులుతుంది. గొంతు లోపలి నుంచి వచ్చే ‘అయిన్’ శబ్దానికి కిందటి పాఠంలోలాగే ’ గుర్తు వాడుతున్నాం.

ఒకటి నుంచి పది దాకా: వాహెద్, జూజ్, త్లాతా, రెబ్’ఆ, ఖంసా, సెత్తా, సెబ్’ఆ, త్మెన్యా, తెస్’ఊద్, ’అష్రా.

పుస్తకంలో రెండుకు వేరే మాట ఉంది. వీధిలో మాత్రం జూజ్, జత అనే మాట నుంచి వచ్చింది. అయితే 22 దగ్గరకొచ్చేసరికి జూజ్ మాయమై ‘త్నీన్ ఊ ’అష్రీన్’ అవుతుంది, అంటే ‘రెండూ ఇరవై’. ఒకట్లు ముందు, పదులు తర్వాత. మనకు అలవాటు ఇరవై ఐదు అనడం కాబట్టి ‘ఖంసా ఊ ’అష్రీన్’ వినగానే చెయ్యి 52 వేసేస్తుంది. ‘ఊ’ తర్వాతి మాట వినేదాకా కలం ఎత్తి ఉంచండి.

పలకడంలో మన ఇబ్బంది అచ్చులతో. త్లాతా అనమంటే ‘తలాతా’ అంటాం. త్రాసులో ‘త్ర’ పలికినట్టే ‘త్లా’ పలకాలి. త్మెన్యాకు ‘ఆత్మ’లోని ‘త్మ’ను మాట మొదటికి తెచ్చుకోండి. సెత్తాలో ద్విత్వం మాత్రం మనకు ఉచితంగా వచ్చేసినట్టే, ‘కత్తి’ అన్నట్టు నొక్కితే చాలు. రోజూ తడబడేది సెత్తీన్ (60), సెబ్’ఈన్ (70), తెస్’ఈన్ (90) దగ్గర. 70, 90లలో అయిన్ ఉంది, 60లో లేదు. ఆ రెంటిలో తేడా అయిన్‌కు ముందున్న రెండు హల్లులదే.

ఇక అసలు చిక్కు. నోటు మీద దిర్హమ్ అని ఉంటుంది, కూరగాయలమ్మే మనిషి నోట రియాల్ వస్తుంది. రియాల్ పేరుతో ఇప్పుడు నోటూ లేదు, నాణెమూ లేదు. 1960లో 100 ఫ్రాంకులకు ఒక దిర్హమ్ లెక్కన కొత్త నాణెం వచ్చింది. జనం అయిదు ఫ్రాంకులను రియాల్ అనేవారు కాబట్టి దిర్హమ్‌కు 20 రియాళ్లు. అణాలు పోయినా మన నోట పావలా మిగిలినట్టే ఇదీ.

రియాళ్లను దిర్హములు చేయాలంటే చివరి సున్నా తీసి సగం చేయండి. ఖంస్‌మ్యా (500) రియాల్: 50, అందులో సగం 25 దిర్హములు. అల్ఫ్ (1000) రియాల్ అంటే 50. తిరగేయాలంటే రెట్టింపు చేసి సున్నా చేర్చండి: 7 దిర్హములు 140 రియాళ్లు.

అమ్మేవాళ్లు చాలాసార్లు ‘రియాల్’ మాటే మింగేసి ఒట్టి ‘మ్యాతైన్’ (200) అంటారు. పుదీనా, టమాటాల దగ్గర అది 10 దిర్హములు. తివాచీ, తోలు చెప్పుల దుకాణంలో అదే మాట నిజంగా 200 దిర్హములు కావచ్చు. అనుమానం వస్తే సిగ్గుపడకుండా ‘దెర్హమ్ వెల్లా రియాల్?’ అని అడగండి. ‘వెల్లా’ అంటే ‘లేక’.

అడగడానికి: ‘బ్ష్‌హాల్ ఎల్-కీలూ?’ (కిలో ఎంత?), ‘నుస్ కీలూ, ’ఆఫాక్’ (అర కిలో ఇవ్వండి). ఎక్కువనిపిస్తే ‘ఘాలీ బెజ్జాఫ్’. కూరగాయల మీద బేరానికి దిగకండి, ఫలితం తక్కువ. చేతిపనుల దగ్గర మీరే ఓ ధర చెప్పి, అవతలివాళ్లు ‘సాఫీ’ (సరే, ఖాయం) అన్నాక వెనక్కి తగ్గితే మర్యాద పోతుంది. కొనాలని లేకపోతే ధర పలకనే వద్దు.

చిల్లర లెక్క పెట్టుకునేటప్పుడు గోడవారగా నిలబడండి. తలా కెబీరా వీధి వాలు మీద వెనక నుంచి ‘బాలాక్!’ అని కేక వచ్చిందంటే బరువుతో గాడిద దిగుతోందని అర్థం, అది ఆగదు.

అభ్యాసం: ఇవి ఎన్ని దిర్హములు? ’అష్రీన్ రియాల్, రెబ్’ఈన్ రియాల్, మ్యా (100) రియాల్, తెల్త్‌మ్యా (300) రియాల్, అల్ఫైన్ (2000) రియాల్.
జవాబులు: 1, 2, 5, 15, 100.

ఎవరి చేతనైనా గబగబా చదివించుకుని, మూడు లెక్కపెట్టేలోపు జవాబు వచ్చేదాకా తిప్పండి. వచ్చే పాఠం ఎర్ర టాక్సీలో: మీటరు వేయమని అడగడం, ఆపాల్సిన చోటు చెప్పడం.